మెష్‌ల్యాబ్ రివ్యూ: చెరువు సర్వే ఫైలు తేలిక కావాలి, కట్ట మాత్రం చెక్కుచెదరకూడదు

డ్రోన్ సర్వే ఫైళ్ళ బరువు తగ్గించడానికి మెష్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ పనికొస్తుందా అని కడప, ప్రొద్దుటూరు వైపు సర్వే పని చేసే మిత్రులు అడుగుతూనే ఉన్నారు, అందుకే అందరికీ ఒకేచోట రాస్తున్నా. పనికొస్తుంది. పైసా ఖర్చు లేదు, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది, ఒక్క సెట్టింగుల పెట్టె బాగా అర్థం చేసుకుంటే చాలు. కానీ 90 శాతం తగ్గించు అని అంకె కొట్టేసి వచ్చిన ఫైలు అలాగే క్లయింటుకి పంపితే కట్ట దగ్గర, మరవ (చెరువు నిండాక నీళ్ళు పొర్లే గోడ) దగ్గర దెబ్బ తింటారు. ఎంత తగ్గించాలన్నదాని కంటే ఎక్కడ తగ్గించాలన్నది ముందు తేల్చుకోవాలి.

మా దగ్గర పని ఎక్కువగా చెరువులది. పూడిక తీయక ముందు ఒక సర్వే, తీశాక ఒక సర్వే, రెండిటి తేడా ఎన్ని ఘనపు మీటర్లో దాన్ని బట్టి బిల్లు. 250 ఎకరాల చెరువు అంటే దాదాపు 10 లక్షల చదరపు మీటర్లు. అరమీటరుకి ఒక పాయింటు చొప్పున గ్రిడ్ తీస్తే 40 లక్షల పాయింట్లు అవుతాయి, వాటిని త్రిభుజాలుగా అల్లితే (ఈ అల్లికనే మెష్ అంటారు) 80 లక్షల త్రిభుజాలు (త్రిభుజాల సంఖ్య ఎప్పుడూ పాయింట్లకి సుమారు రెట్టింపు ఉంటుంది). త్రిభుజాల్ని దాచే బైనరీ ఎస్‌టీఎల్ రకం ఫైలులో ఒక్కో త్రిభుజానికి 50 బైట్లు పడుతుంది కాబట్టి ఒక్క చెరువు ఫైలే 400 ఎంబీ. దాన్ని కాంట్రాక్టరు ఆఫీసులో పాత కంప్యూటర్ మీద తెరవమంటే అది అక్కడే ఆగిపోతుంది, మనకి ఫోను వస్తుంది, "అన్నా, ఫైలు ఓపెన్ కాలేదు, ఇంకోటి పంపు" అని.

నిజానికి చెరువు లోపల అన్ని పాయింట్లు అక్కర్లేదు. చదునుగా ఉన్న చోట నాలుగు మూలల పాయింట్లు ఉంటే మధ్యలో వందల పాయింట్లు కొత్తగా చెప్పేదేమీ లేదు. వాలు మారే చోట మాత్రం దగ్గర దగ్గరగా పాయింట్లు కావాలి. నేలని సమాన గళ్ళుగా కాకుండా, అవసరమైన చోట చిన్న త్రిభుజాలు, అవసరం లేని చోట పెద్ద త్రిభుజాలు పెట్టి చూపించే ఈ పద్ధతినే టిన్ అంటారు, 1970ల నుంచి వాడుకలో ఉంది. త్రిభుజాలు అల్లే నియమం అంతకంటే పాతది, రష్యన్ గణిత శాస్త్రవేత్త బోరిస్ డెలానే 1934లో ఇచ్చింది: ఏ త్రిభుజం మూడు మూలల గుండా వృత్తం గీసినా దాని లోపల ఇంకో పాయింటు పడకూడదు. సన్నగా పొడుగ్గా సూదుల్లాంటి త్రిభుజాలు వీలైనంత రాకుండా చూసేది ఇదే.

మెష్‌ల్యాబ్ ఇటలీలోని పీసాలో తయారైన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. సర్వే కోసం చేసింది కాదు, త్రీడీ స్కానింగ్ చేసేవాళ్ళ కోసం చేసింది, ఇది గుర్తు పెట్టుకోవాలి, దాని మంచీ చెడూ రెండూ అక్కడి నుంచే వచ్చాయి. మనకి కావలసిన ఫిల్టర్ పేరు క్వాడ్రిక్ ఎడ్జ్ కొలాప్స్ డెసిమేషన్. 1997లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో మైకేల్ గార్లాండ్, పాల్ హెక్‌బర్ట్ రాసిన పద్ధతి ఇది. ప్రతి పాయింటు తన చుట్టూ ఉన్న త్రిభుజాల తలాలని గుర్తు పెట్టుకుంటుంది, ఏ అంచుని మూసేసి రెండు పాయింట్లని ఒక్కటి చేస్తే ఆ తలాల నుంచి అతి తక్కువ జరుగుతామో చూసి ముందు దాన్నే మూసేస్తుంది, తర్వాత మళ్ళీ లెక్క వేసి ఇంకో అంచు. ఒక్కో అంచు పోయినప్పుడల్లా ఒక పాయింటు, రెండు త్రిభుజాలు తగ్గుతాయి. చదును నేల మొదట కరుగుతుంది, మలుపులు చివరిదాకా నిలుస్తాయి. 80 లక్షల నుంచి 4 లక్షలకి దింపినా చెరువు లోపలి నేల కంటికి మునుపటిలాగే ఉంటుంది. ఇంత మంచి పద్ధతి ఉచితంగా చేతికి రావడం మనలాంటి చిన్న ఆఫీసులకి చాలా పెద్ద విషయం.

ఇక జాగ్రత్తలు. మొదటిది కోఆర్డినేట్లు, దీని గురించి ఎక్కడా ఎవరూ గట్టిగా చెప్పరు. మెష్‌ల్యాబ్ మామూలు వెర్షన్ అంకెల్ని సింగిల్ ప్రెసిషన్‌లో (సుమారు ఏడు అంకెల దాకానే సరిగ్గా నిలిచే పద్ధతి) దాచుకుంటుంది. కడప దగ్గర యూటీఎం (భూమిని నిలువు జోన్లుగా చీల్చి చోటుని మీటర్లలో చెప్పే పద్ధతి) నార్తింగ్, అంటే ఉత్తరం వైపు అంకె, సుమారు 16 లక్షల మీటర్లు ఉంటుంది. అంత పెద్ద అంకె దగ్గర సింగిల్ ప్రెసిషన్ ఒక విలువ నుంచి తర్వాతి విలువకి వేసే మెట్టు 12.5 సెంటీమీటర్లు, మధ్యలో ఏ విలువా నిలవదు. ఈస్టింగ్ (తూర్పు వైపు అంకె) కడప వైపు 2 లక్షల 65 వేల చుట్టూ ఉంటుంది కాబట్టి అక్కడ మెట్టు 3 సెంటీమీటర్లు. అంటే ఫైలు తెరిచిన క్షణంలోనే, ఇంకా ఏ ఫిల్టరూ నొక్కకముందే, పాయింట్లు పక్కకి జరిగిపోయాయి. దీనికి మందు చిన్నదే: ముందే ఈస్టింగ్ నుంచి 2,60,000, నార్తింగ్ నుంచి 16,00,000 తీసేయండి, తీసిన అంకెలు ఫైలు పేరులోనే రాసి పెట్టుకోండి, చివర్లో తిరిగి కలపండి. అంకెలు కొన్ని వేలకి దిగాక మెట్టు మిల్లీమీటరు లోపుకి వస్తుంది. డబుల్ ప్రెసిషన్ బిల్డ్ కూడా విడిగా ఇచ్చారు, అది వాడుతున్నా నేనైతే తీసేసే అలవాటు మానను, ఎందుకంటే ఎస్‌టీఎల్‌లో సేవ్ చేస్తే ఆ ఫార్మాట్ కూడా సింగిల్ ప్రెసిషనే.

మాట వచ్చింది కాబట్టి, అనంతపురం వాళ్ళది యూటీఎం 43వ జోన్, కడపది 44. జోన్ మారే 78 డిగ్రీల రేఖాంశం కర్నూలు టౌను పక్కనుంచే పోతుంది. కర్నూలు పడమర పనీ తూర్పు పనీ కలిపేటప్పుడు రెండూ ఒకే జోన్‌లో ఉన్నాయో లేదో చూసుకుని కలపండి, తర్వాతే మెష్ చేయండి.

రెండోది కంపచెట్లు. మన చెరువుల్లో నీళ్ళ కంటే కంప ఎక్కువ కనిపించే రోజులు ఉంటాయి. డ్రోన్ ఫోటోల నుంచి వచ్చే పాయింట్లలో కంప పైభాగం కూడా నేలలాగే వస్తుంది. ఈ ఫిల్టర్‌కి కంప ఏదో మట్టి ఏదో తెలియదు, దానికి తెలిసిందల్లా ఎత్తుపల్లాలు. కంపచెట్టు చుట్టూ అంతా ఎగుడుదిగుడే కాబట్టి అది ముఖ్యమైన చోటని అనుకుని త్రిభుజాలన్నీ అక్కడే ఖర్చు పెడుతుంది, మనకి కావలసిన కాలువ గట్టు దగ్గర పొదుపు చేస్తుంది. 4 లక్షల త్రిభుజాల్లో సగం కంపకే పోతే ఇంక లాభమేముంది? అందుకే ముందు పాయింట్ల మీద పని చేసే క్లౌడ్‌కంపేర్ అనే ఉచిత ప్రోగ్రాంలో సీఎస్‌ఎఫ్ ప్లగిన్ (నేలని మిగతావాటి నుంచి వేరు చేసేది) వేసి నేల పాయింట్లు విడదీయాలి, ఆ తర్వాత అక్కడే డెలానే 2.5డీ (పైనుంచి చూసి త్రిభుజాలు అల్లే కమాండ్) తో మెష్ కట్టి, పీఎల్‌వై అనే మెష్ ఫైలుగా మెష్‌ల్యాబ్‌కి తేవాలి. మెష్ కట్టేటప్పుడు గరిష్ఠ అంచు పొడవు ఇవ్వడం మర్చిపోవద్దు, ఇవ్వకపోతే చెరువు వంపు తిరిగిన చోట ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి పొడుగాటి త్రిభుజాలు వేసేస్తుంది, అవి నేలే కాదు.

ఇప్పుడు అసలు సంగతి, కట్ట. ఈ మధ్య ఒక ఏజెన్సీ తేలిక చేసి ఇచ్చిన ఫైలు (పేరు ఇక్కడ వద్దు) చూశాను. లోపలి నేల బాగుంది, ఫైలు చకచకా తిరుగుతోంది, కానీ కట్ట పైభాగం రంపం పళ్ళలా అయిపోయింది, మరవ గోడ మొత్తం మాయం, దాని చోట మెత్తటి వాలు ఉంది. చెరువు పూర్తి నీటి మట్టం నిర్ణయించేదే మరవ. అది రెండు జానలు కిందికి చూపిస్తే సామర్థ్యం లెక్క అంతా తప్పు. కారణం ఏంటంటే, అరమీటరు గ్రిడ్ గళ్ళు కట్ట అంచుకి సమాంతరంగా ఉండవు, అడ్డంగా కోస్తాయి, దాంతో కట్ట అంచు మొదటి నుంచే వంకర టింకరగా ఉంటుంది. టార్గెట్ (మిగలాల్సిన త్రిభుజాల సంఖ్య) తక్కువ ఇచ్చేకొద్దీ ఫిల్టర్ ఆ వంకరల్ని ఒక్కొక్కటీ కొరుక్కుంటూ పోతుంది, దానితో పాటు అంచూ పోతుంది.

దీనికి మెష్‌ల్యాబ్‌లోనే దారి ఉంది, నాకు ఈ సాఫ్ట్‌వేర్ నచ్చింది ముఖ్యంగా దీనివల్లే. సింప్లిఫై ఓన్లీ సెలెక్టెడ్ ఫేసెస్ అని అదే పెట్టెలో ఒక టిక్ ఉంటుంది. మోడల్‌ని పైనుంచి కనిపించేలా తిప్పుకుని, పాలీలైన్‌తో ఎంచుకునే టూల్ తీసుకుని, కట్ట పొడవునా చుట్టూ గీసి, మరవ, తూము, కాలువ తల కూడా అందులో కలుపుకుని, తర్వాత సెలెక్షన్ తిరగేయండి. ఇప్పుడు కట్ట తప్ప మిగతాదంతా ఎరుపెక్కి ఉంటుంది. ఆ టిక్ పెట్టి ఫిల్టర్ నడపండి. కట్ట మీద ఒక్క పాయింటు కూడా కదలదు.

ఇలా చేస్తే ఫైలు తగ్గదేమో అని సందేహం వస్తుంది. లెక్క వేద్దాం. కట్ట కిలోమీటరు పొడవు, 5 మీటర్ల ఎత్తు, పైన 3 మీటర్ల వెడల్పు, రెండు వైపులా రెండుకి ఒకటి వాలు అనుకోండి. అడుగున వెడల్పు 23 మీటర్లు, మొత్తం 23 వేల చదరపు మీటర్లు. 250 ఎకరాల్లో ఇది 2.3 శాతం. 80 లక్షల త్రిభుజాల్లో కట్ట వాటా లక్షా 84 వేలు మాత్రమే! దాన్ని ఒక్కటి కూడా తగ్గించకుండా పూర్తిగా ఉంచుకుని, మిగతా 78 లక్షల్ని 2 లక్షలకి దింపినా మొత్తం 4 లక్షల లోపే. ఎస్‌టీఎల్ 20 ఎంబీ కూడా ఉండదు. ఇంత తేలిగ్గా దొరికేదాన్ని వదులుకుని కట్టని ఎందుకు పాడు చేసుకోవాలో నాకు అర్థం కాదు.

కాలువల సర్వేలో కూడా ఇదే కిటుకు. కేసీ కెనాల్ లాంటి పొడవాటి కాలువని ముక్కలుగా కోసి ఒక్కో ముక్కని విడిగా తేలిక చేస్తే, ముక్కలు కలిసే చోట రెండు వైపుల పాయింట్లు ఒకదానికొకటి అతకక సందులు వస్తాయి. ప్రిజర్వ్ బౌండరీ టిక్ ఉంది కానీ అది అంచుని తాళం వేసి ఉంచదు, అంచు కదలకుండా కొంచెం బరువు పెడుతుంది అంతే. ముక్క చివర్లలో ఒక పట్టీ సెలెక్ట్ కాకుండా వదిలేస్తే సందులు రావు.

ఆప్టిమల్ పొజిషన్ అనే ఇంకో టిక్ మీద సర్వే వాళ్ళలో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. అది ఉంటే రెండు పాయింట్లని ఒకటి చేసినప్పుడు కొత్త పాయింటుని తప్పు తక్కువ వచ్చే చోట పెడుతుంది, అంటే ఫీల్డులో ఎవరూ కొలవని చోట. మనం కొలిచిన పాయింట్లే ఉండాలి, పెన్సిల్‌తో చూపించగలగాలి అని మా సీనియర్ సార్ ఒకరు గట్టిగా అంటారు, ఆ మాట నేను గౌరవిస్తాను. కానీ దానికి ఇంకో వైపు ఉంది. చెరువు నేల మూకుడులా మధ్యలో లోతుగా ఉంటుంది. పాయింట్లన్నీ సరిగ్గా నేల మీదే ఉంచి, వాటి మధ్య చదునైన త్రిభుజాలు పరిస్తే, ఆ త్రిభుజాలు అసలు నేలకి ఎప్పుడూ కొంచెం పైనే ఉంటాయి. కాబట్టి తేలిక చేసేకొద్దీ చెరువు సామర్థ్యం తక్కువ చూపిస్తుంది. మట్టి కుప్పకి ఇది తిరగబడుతుంది, త్రిభుజాలు కుప్ప లోపలికి దిగి కుప్ప చిన్నదిగా లెక్క వస్తుంది. అటూ ఇటూ తప్పులైతే ఒకదానికొకటి సరిపోతాయి, ఇవి అన్నీ ఒకే వైపు తప్పులు, సరిపోవు. 10 లక్షల చదరపు మీటర్ల మీద సగటున 5 సెంటీమీటర్లు ఒకే వైపు తప్పు పడితే 50 వేల ఘనపు మీటర్లు. ఆప్టిమల్ పొజిషన్ పెడితే పాయింట్లు నేలకి కాస్త కిందికీ పైకీ జరిగి ఈ ఒకవైపు తప్పు తగ్గుతుంది. ఘనపరిమాణం కోసమైతే నేను టిక్ పెడతాను. కాంటూరు మ్యాపు, లెవెల్స్ చూపించే డ్రాయింగు అయితే తీసేస్తాను. బిల్లు లెక్క మాత్రం ఎప్పుడైనా తేలిక చేయని ఫైలు మీదే వేసి, తేలికైన ఫైలు చూపించడానికి, డిజైనుకి మాత్రమే ఇవ్వడం అందరికీ క్షేమం. ఈ ఒక్క విషయంలో క్లయింటు ఎంత తొందర పెట్టినా నేను మారను.

తప్పు ఎంత వచ్చిందో కొలవడానికి హాస్‌డార్ఫ్ డిస్టెన్స్ అనే ఫిల్టర్ ఉంది. మొదలుపెట్టే ముందే లేయర్‌ని డూప్లికేట్ చేసుకుని ఒకదాన్ని ముట్టుకోకుండా ఉంచండి, ఎలాగూ ఫిల్టర్ నడిచాక అన్‌డూ మీద భరోసా పెట్టుకోకూడదు. తర్వాత రెండు లేయర్ల మధ్య ఇది నడిపితే గరిష్ఠం, సగటు, ఆర్ఎంఎస్ (పెద్ద తప్పులకి ఎక్కువ బరువిచ్చే సగటు) కింద లాగ్‌లో ఇస్తుంది. సగటు చూసి మురిసిపోవద్దు, గరిష్ఠం ఎక్కడ వచ్చిందో వెతకండి. ఇంకోటి, ఇది కొలిచేది అతి దగ్గరి దూరం, నిలువు దూరం కాదు. చెరువు నేల మీద రెండూ దాదాపు ఒకటే, కట్ట వాలు మీద 10 సెంటీమీటర్లు నిలువుగా 11 అవుతుంది, పర్లేదు. కానీ నాపరాయి క్వారీలో 80 డిగ్రీల గోడ మీద అదే 10 సెంటీమీటర్లు నిలువుగా 57 దాటుతుంది. క్వారీ వాళ్ళకి బెంచీల (మెట్లలా కోసిన రాతి అరుగుల) అంచులే ప్రాణం కాబట్టి అక్కడ కూడా అంచుల్ని సెలెక్షన్‌లో పడకుండా కాపాడుకోవాల్సిందే.

అసలు ఇది పనికిరాని చోట్లు కూడా చెప్పాలి. గండికోటలో పెన్నా లోయ గోడల్లాంటివి డెలానే 2.5డీ మెష్‌లో సరిగ్గా రావు, ఎందుకంటే అక్కడ ఒక చోటికి ఒక్క ఎత్తే ఉండగలదు, నిలువు బండ, కిందికి వంగిన బండ రెండూ వాలుగా మారిపోతాయి. అది మెష్‌ల్యాబ్ తప్పు కాదు, ముందరి అడుగులోనే పోయింది. అలాగే కడపలో బుగ్గవంక మీద వరద లెక్క కోసం ఎవరైనా మోడల్ తేలిక చేస్తుంటే దయచేసి రిటైనింగ్ వాల్స్ విడిగా గీసుకోండి. అరమీటరు వెడల్పు గోడ అరమీటరు గ్రిడ్‌లోనే సగం కనపడదు, తేలిక చేశాక ఆ కాస్తా పోతుంది, కంప్యూటర్‌లో నీళ్ళు గోడ దాటి ఇళ్ళలోకి వచ్చేస్తాయి. వంక పక్కన ఇళ్ళున్న ఊరు మనది, అలాంటి లెక్క మీద ఎవరో ఒక నిర్ణయం తీసుకుంటారు.

మెష్‌ల్యాబ్‌కి బదులు ఏముంది అంటే, సివిల్ 3డీ (ఆటోక్యాడ్ వాళ్ళదే, సివిల్ డిజైను సాఫ్ట్‌వేర్) ఉన్నవాళ్ళకి సింప్లిఫై సర్ఫేస్ అందులోనే ఉంది. అందులో గరిష్ఠ ఎత్తు మార్పు ఎంతో నేరుగా చెప్పొచ్చు, సర్వే మనిషికి అది హాయి. లైసెన్సు ఖర్చు మాత్రం చిన్న ఆఫీసు మోయలేదు. ఇంకోటి హెచ్ఎంఎం అని ఒక చిన్న ఉచిత ప్రోగ్రాం, అదే గార్లాండ్, హెక్‌బర్ట్ 1995లో నేల మోడళ్ళ కోసమే రాసిన పద్ధతి మీద నడుస్తుంది. ఇది తిరగేసిన దారి: తీసేయడం కాకుండా రెండు త్రిభుజాలతో మొదలుపెట్టి, తప్పు ఎక్కడ ఎక్కువగా ఉందో అక్కడ ఒక్కో పాయింటు కలుపుకుంటూ, మనం చెప్పిన తప్పు పరిమితి వచ్చేదాకా పోతుంది. తప్పు నిలువుగానే కొలుస్తుంది, పాయింట్లు అసలు గ్రిడ్‌వే ఉంటాయి. చాలా వేగం. కానీ నేల ఎత్తుల్ని బొమ్మ ఫైలుగా ఇవ్వాలి, కమాండ్ టైప్ చేయాలి, కట్టని వదిలేసి మిగతాది చెయ్ అని చెప్పే వీలు లేదు. అనంతపురం వైపు చదునైన వేరుశనగ చేల సర్వే, సోలార్ ప్లాంటు స్థలం లాంటివాటికి నేను దాన్నే తీసుకుంటాను. చెరువుకి మాత్రం మెష్‌ల్యాబే. ఐదుకి నాలుగు ఇస్తాను, తగ్గించిన ఒకటి ఆ కోఆర్డినేట్ల సంగతికి.

చివరగా క్లయింటుకి పంపే పద్ధతి. డీఎక్స్‌ఎఫ్‌గా (ఆటోక్యాడ్ తెరవగల డ్రాయింగు ఫైలు) ఎగుమతి చేస్తే త్రిభుజాలు త్రీడీ ఫేసులుగా వెళ్తాయి. తీసేసిన 2,60,000, 16,00,000 ఆటోక్యాడ్‌లో మూవ్ కమాండ్‌తో తిరిగి కలపండి. అవతలివాళ్ళు సివిల్ 3డీలో డ్రాయింగ్ ఆబ్జెక్ట్స్ నుంచి సర్ఫేస్ చేసుకునేటప్పుడు మెయింటెయిన్ ఎడ్జెస్ అన్న టిక్ తప్పకుండా పెట్టమని ఫోను చేసి మరీ చెప్పండి. పెట్టకపోతే అది పాయింట్లు మాత్రమే తీసుకుని త్రిభుజాలు మళ్ళీ తనే అల్లుతుంది, కట్ట అంచు మీద గీతలు అటు తిరగాల్సినవి ఇటు తిరుగుతాయి.